చూడకుండా చదివిన పాఠం

కళ్లజోడు పెట్టుకున్నవాళ్లని మా బావగారు సోమరిపోతుల్ని చూసినట్టు చూసేవారు. ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా ఉన్నన్నాళ్లూ ఆయన ముక్కుమీదా జోడు ఉండేది. రిటైరైన ఏడాదిలో చేతికి పెద్ద ఫోనొచ్చింది, ఫోన్లోకి వీడియోలొచ్చాయి, ఆ వీడియోల్లోంచి ఒక వైద్యుడు పుట్టుకొచ్చాడు. ఒకరోజు పొద్దున్నే జోడు లేకుండా మా ఇంటికొచ్చి, గోడమీది క్యాలెండరులో తేదీ పైకి చదివి వినిపించారు. ఆరోజు ఏ తేదీయో ఆయనకు ముందే తెలుసన్న సంగతి వెంట వచ్చిన మా అక్కకు తట్టలేదు. పొంగిపోయింది.

తర్వాత కాలవగట్టు మీద ఉచిత శిక్షణ మొదలైంది. పాలకు వెళ్లినప్పుడల్లా చూసేదాన్ని. పదిమంది పెద్దమనుషులు తూర్పుకు తిరిగి వరసగా నిలబడి, అరచేతులు రుద్దుకుని కళ్లమీద మూసుకునేవారు. గుడ్లు కుడికి తిప్పి, ఎడమకు తిప్పి, ముక్కుకొన మీదికి తెచ్చేవారు. చివరికి పొద్దుపొడుపు సూర్యుణ్ని రెప్ప వేయకుండా చూసి, నీళ్లు కారుతున్న కళ్లతో ఒకరినొకరు అభినందించుకునేవారు. ముప్ఫై ఏళ్లపాటు వచ్చిన ఫైలును వచ్చినట్టే పక్క బల్లమీదికి తోసిన మనిషిని గట్టుమీద 'డాక్టరుగారు' అని పిలవడం మొదలుపెట్టారు. ఆయన వద్దనలేదు.

నవ్వుకుని ఊరుకునేదాన్నే. కానీ ఆ వైద్యం మా ఇంటి గడప దాటి వచ్చింది.

మా అమ్మకు డెబ్బైమూడేళ్లు. మిషన్ బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పి రిటైరై, నా దగ్గర ఉండేది. మా లూథరన్ గుడిలో ఆదివారం ఆరాధనలో బైబిల్లోంచి లేఖన పాఠం చదివే పని ఆమెదే. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆ వేదిక మీంచి వింటున్నది ఆ గొంతే. పోయిన వానాకాలంలో ఆమెకు అక్షరాలు మసకబారాయి. "బల్బు చుట్టూ రంగుల చక్రం కనిపిస్తోందే అమ్మాయ్" అంది ఒకసారి. ఎడమ చేతి పక్కనున్న గ్లాసులు తగిలి పడిపోయేవి.

నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. మనిషి కన్ను గురించిన పాఠం పదో తరగతికి ఏటా చెబుతాను, బొమ్మ గీసి, భాగాలు రాయించి. ఇంట్లో ముసలావిడ అలా అంటే ఎక్కడికి తీసుకెళ్లాలో నాకు తెలియదని ఎవరైనా అంటే నమ్మకండి. తెలుసు. రెండు రోజులు సెలవు పెట్టి రాజమండ్రి కంటి ఆసుపత్రికి తీసుకెళదామని అనుకున్నాను. అనుకుని, పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను.

ఈలోగా రాజమండ్రి మాట విని బావగారు వచ్చారు.

"ఆపరేషనా? ఈ వయసులో కంటిమీద కత్తి పెట్టిస్తావా ఏంటమ్మా?" అన్నారు నాతో. అమ్మవైపు తిరిగి, "అత్తయ్యగారూ, నాకు మూడు నెలలివ్వండి చాలు. మీచేత గుడిలో జోడు లేకుండా పాఠం చదివిస్తాను. అసలు మిమ్మల్ని పాడుచేసిందే ఈ జోడండి" అంటూ, ఆమె ముఖంమీంచి జోడు తీసి తన చొక్కాజేబులో వేసుకున్నారు.

"అదేంటండి, మరి నేను పేపరు ఎలా చదువుకోను?" అంది అమ్మ.

"చదవకండి. కంటికి విశ్రాంతి ఇవ్వండి."

జోడు లాక్కుని పేపరు చదవవద్దనడం ఎంత గొప్ప చికిత్సో చూడండి. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఒక్క మాట అనలేదు. అల్లుడి మాట కాదనడం అమ్మకు అలవాటు లేదు, పైగా ఆపరేషనంటే ఆమెకు భయం. ఇక నాకు, రెండు రోజులు సెలవు పెట్టే పని తప్పింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆ క్షణంలో నాకు కలిగింది సిగ్గు కాదు, తేలిక.

మర్నాటినుంచి మా వంటింట్లో పొన్నగంటికూర తప్ప మరో ఆకు ఉడకలేదు. పప్పులో పొన్నగంటి, వేపుడు పొన్నగంటి, పచ్చడి పొన్నగంటి. కాలవగట్టున బావగారే స్వయంగా కోసుకొచ్చేవారు. పరగడుపున క్యారెట్ రసం. త్రిఫల చూర్ణం నానబెట్టిన నీళ్లతో కళ్లు కడగడం. మధ్యాహ్నం రెప్పలమీద తడి నందివర్ధనం పూలు. సాయంత్రం కంటికో చుక్క తేనె. తేనె వేసినప్పుడల్లా అమ్మ మంచం పట్టె గట్టిగా పట్టుకునేది. కళ్లు చింతనిప్పుల్లా అయ్యేవి. "మలినం బయటికొస్తోందండి, మంచిదే" అనేవారు బావగారు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆయన రోజూ వచ్చేవారు. ఆకు ఇచ్చి వెళ్లిపోకుండా అమ్మ పక్కన కుర్చీ వేసుకుని అరగంట కూర్చునేవారు. పట్టిసీమ లాంచీ ప్రయాణాల గురించి, ఆఫీసులో పాత గొడవల గురించి చెప్పేవారు. ఆమె నవ్వేది. "ఈరోజు ఎలా ఉందండీ?" అని అడిగేవారు. "నిన్నటిమీద మెరుగేనండి" అనేది అమ్మ. ఒకే ఇంట్లో ఉంటూ నేనా ప్రశ్న వారానికొకసారైనా అడగలేదు.

మూడు నెలలు నిండిన ఆదివారం అమ్మ జోడు లేకుండా వేదికెక్కింది. పెద్ద గ్రంథం తెరిచి, తల వంచి, పాఠమంతా ఎక్కడా తడబడకుండా చదివింది. ముగియగానే బావగారు లేచి సాక్ష్యం చెప్పారు. దేవుడిచ్చిన ఆకుల్ని వదిలేసి మనుషులు చేసిన అద్దాల్ని నమ్ముకున్నామనీ, తన అత్తగారే అందుకు రుజువనీ. కొందరు స్తోత్రం అన్నారు. మా అయ్యగారు, అంటే మా గుడి పాస్టరు, కళ్లు తుడుచుకున్నారు. ఆరాధన అయ్యాక ఆడవాళ్లు బావగారి చుట్టూ మూగి చూర్ణం పాళ్లు రాసుకున్నారు. ఇద్దరు అక్కడికక్కడే జోళ్లు తీసి సంచుల్లో పడేశారు. మరుసటి వారానికి గట్టుమీద నలభైమంది.

నేనూ సంతోషించాను. చదువుకున్న మూర్ఖత్వానికి చదువురాని మూర్ఖత్వం కంటే ఒక సదుపాయం ఎక్కువ, దానికి కారణాలు దొరుకుతాయి. జోడు నంబరు తప్పయి ఉంటుందనుకున్నాను. మసక తాత్కాలికమై ఉంటుందనుకున్నాను. అదే వారం అమ్మ కాఫీ వంచుతూ గ్లాసు పక్కన బల్లమీద పోసింది. తుడిచాను. గుమ్మం ఎడమ పక్కకు భుజం కొట్టుకుంది. "చూసుకుని నడు అమ్మా" అన్నాను.

ఇలా నాలుగు ఆదివారాలు గడిచాయి. ఐదో ఆదివారం వేరే ఊరినుంచి ప్రసంగానికి ఒక అయ్యగారు వచ్చారు. మా గుడిలో ఏ ఆదివారం ఏ పాఠమో ఏడాదికంతటికీ ముందే పట్టిక ఉంటుంది. వచ్చినాయన తన ప్రసంగానికి సరిపోయేలా పాఠం మార్చుకున్నారు. ఆ మార్పును మా అయ్యగారు వేదికమీంచి చెప్పారు కూడా. అప్పుడు అమ్మ వెనక వరుసలో ఎవరికో జవాబు చెబుతూ ఉంది. వినలేదు.

వేదికెక్కి, తెరిచి ఉన్న గ్రంథం మీదికి తల వంచి చదవడం మొదలుపెట్టింది. పట్టికలో ఉన్న పాత పాఠం. రెండు వాక్యాలయ్యేసరికి గుడిలో గుసగుసలు. మా అయ్యగారు పక్కకు వచ్చి మెల్లగా అన్నారు, "అమ్మా, పాఠం మారిందండి. పేజీ నేను తీసి ఉంచాను. మీ ముందున్నది చదవండి."

అమ్మ ఆగింది. తల వంచి ఆ పేజీకేసి చూసింది. వేలు పెట్టి వరస వెతికింది. కాగితం ముఖానికి తగిలేంత దగ్గరికి వంగింది. మొదటి వరసలో కూర్చున్న నాకు ఆమె వేలు అక్షరాలు లేని అంచుమీద తిరగడం కనిపించింది.

అప్పుడామె నిటారుగా నిలబడి, బడిలో హాజరు పిలిచినంత స్పష్టంగా అంది, "నాకు కనపడదండి. ఇన్ని వారాలూ చూసి చదవలేదు. నలభై ఏళ్లుగా ఇవే పాఠాలు కదా, నోటికొచ్చు. మీ అందరికీ అబద్ధం చెప్పాను. క్షమించండి."

వెంటనే మా బావగారి గొంతు వినిపించింది. "ఈరోజు గుళ్లో వెలుతురు సరిగా లేదండి. కిటికీలు తీయించండి."

కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. చాలామందిని చాలా రకాలుగా అసహ్యించుకున్నాను గానీ, ఆ మాట అన్న నోటిని అసహ్యించుకున్నట్టు ఇంకెవర్నీ అసహ్యించుకోలేదు.

వెళ్లి అమ్మ చేయి పట్టుకుని మెట్లు దింపాను. ఇంటికి తీసుకొచ్చాను. ఆమె చీర మార్చుకుని మంచంమీద కూర్చున్నాక అడిగాను.

"ఎందుకమ్మా అలా చేశావు?"

"ఆయన రోజూ వస్తున్నారు కదే. ఎంతో ఆశగా అడిగేవారు, ఎలా ఉందండీ అని. లేదని చెప్పడానికి నోరు రాలేదు. ఒకసారి బాగుందన్నాక వెనక్కి తీసుకోవడం చేతకాలేదు."

"నాతోనైనా చెప్పొచ్చు కదా?"

"నువ్వు అడగలేదు కదమ్మా" అంది. దెప్పినట్టు అనలేదు. మామూలుగానే అంది.

మర్నాడు సెలవు పెట్టాను. రెండు రోజులు సెలవు దొరకడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. రాజమండ్రి ఆసుపత్రిలో డాక్టరమ్మ నాకంటే చిన్నది. కంటిలోకి దీపం వేసి చాలాసేపు చూసింది. ఏవేవో యంత్రాల ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టింది.

"కళ్లల్లో ఏమైనా వేశారా?" అని అడిగింది.

"తేనె" అన్నాను. ఆమె తలెత్తి నన్ను చూసింది. ఏం చేస్తుంటారని అడుగుతుందేమోనని భయపడ్డాను. అడగలేదు. కాగితంమీద రాసుకుంది.

ఎడమ కంటికి నీటికాసులు, అంటే గ్లకోమా. లోపల ఒత్తిడి పెరిగి నరం ఎండిపోయింది. కుడి కంటికీ ఆ జబ్బు మొదలైంది, దానికి తోడు శుక్లం. "కుడి కన్ను ఆపరేషన్ చేస్తే బాగానే కనిపిస్తుంది. రోజూ చుక్కల మందు వేస్తూ దాన్ని నిలబెట్టుకోవాలి. ఎడమది పోయిందండి, తిరిగి రాదు. రంగుల చక్రాలు కనిపించినప్పుడే వచ్చుంటే కొంత మిగిలేది."

"ఆకుకూరలు బాగా పెట్టామండి" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"పెట్టండి, మంచిదే. ఒంటికి బలం. నరం ఎండిపోతుంటే కూర ఏం చేస్తుందండి?"

ఆపరేషన్ జరిగింది. కట్టు విప్పిన రోజు అమ్మ ముందుగా నా ముఖం చూసి, "జుట్టు ఇంత నెరిసిందేంటే" అంది. తర్వాత తన అరచేతులు చాలాసేపు చూసుకుంది.

వారం తిరిగాక కాలవగట్టుకు వెళ్లాను. శిక్షణ జరుగుతూనే ఉంది. బావగారు అప్పటికే కథ మార్చేశారు. పొన్నగంటి తినబట్టే అత్తగారి కన్ను కత్తికి తట్టుకుందట. వరస ముందు నిలబడి, మా అమ్మకు బల్బు చుట్టూ రంగుల చక్రాలు కనపడినా పట్టించుకోలేదనీ, ఆమె ఎడమ కన్ను పూర్తిగా పోయిందనీ, ఈ నాలుగు నెలలు చేసిన ఆలస్యమే అందుకు కారణమనీ, అందులో నా తప్పూ ఉందనీ చెప్పాను. కళ్లు పరీక్ష చేయించుకోమన్నాను. జోళ్లు పెట్టుకోమన్నాను. సూర్యుణ్ని చూడడం మానమన్నాను.

అందరూ మర్యాదగా విన్నారు. రిటైరైన బ్యాంకు ఆఫీసరు ఒకాయన, పెద్ద చదువు చదివిన మనిషి, సానుభూతిగా దగ్గరకొచ్చారు.

"తేనె ఎక్కడ కొన్నారండి? కల్తీది అయ్యుంటుంది."

పక్కాయన తలూపారు. వరస మళ్లీ తూర్పుకు తిరిగింది. నలభై జతల గుడ్లు కుడికీ ఎడమకీ తిరగడం మొదలెట్టాయి. బావగారు నావైపు చూడకుండా లెక్క పెడుతున్నారు.

గట్టు దిగుతుంటే వెనకనుంచి ఎవరో పిలిచారు. మా వీధిలో చేపలమ్మే ఆవిడ. భర్త గోదావరిలో వల వేస్తాడు, ఈవిడ తట్ట నెత్తిన పెట్టుకుని తిరుగుతుంది. తట్ట పక్కన పెట్టి ఆవిడా రోజూ ఆ వరసలో నిలబడేదని నాకు అప్పుడే తెలిసింది.

"ఆయ్, నేనేనండి. మీ అమ్మగారికి రంగుల చక్రాలు కనపడేవన్నారు కదండీ. నాకూ కనపడతన్నాయండి, రెండు నెలల నుంచి. డాక్టరుగారితో చెప్తే మంచి లక్షణం అన్నారండి. ఏ ఆసుపత్రండి అది?"

ఆ శనివారం ఆవిణ్ని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆవిడకూ అదే జబ్బు. కానీ మొదట్లో ఉంది. చుక్కలతో నిలుస్తుందన్నారు. అంతమంది చదువుకున్నవాళ్ల మధ్య నా మాట విన్నది అక్షరం ముక్క రాని ఆ మనిషి ఒక్కతే.

ఆ తర్వాత కొన్నాళ్లకు బావగారు ఆకుకట్టతో మళ్లీ మా గుమ్మంలో నిలబడ్డారు. నేను తలుపు వేయబోయాను. లోపలినుంచి అమ్మ, "రండి అల్లుడుగారూ, కూర్చోండి. ఆకు మాత్రం వద్దండి" అంది.

ఆయన ఆకుకట్ట గుమ్మం బయట పెట్టి వచ్చి కూర్చున్నారు. క్షమించమని అడగలేదు. లాంచీ సంగతులు మొదలెట్టారు. అమ్మ నవ్వింది. అక్కడ ఉండలేక వంటింట్లోకి వెళ్లాను. ఆయన వెళ్లాక, "అతన్ని ఎలా భరిస్తున్నావు?" అని అడిగాను.

"ఆయన తెలియక చేశారే" అంది అమ్మ, కుడి కంటిలో నేను వేసిన చుక్క కిందికి జారకుండా తల వెనక్కి వాల్చి.

తెలిసి చేసినవాళ్లు ఎవరో ఆమె అనలేదు. నేనూ అడగలేదు. సీసాకు మూత బిగించి లోపల పెట్టాను.