రాజవ్వక్క గిర్నిని పండబెట్టిన రోజు

1986 ఎండాకాలం. పెద్దపల్లిలో రైస్ మిల్లుల పక్క సందులో నాకు చిన్న వెల్డింగ్ షాపు ఉండేది. ఒక పొద్దున రాజవ్వక్క రిక్షా దిగి, గోనెసంచి నా ముందు పెట్టింది. మా వీధి చివర పిండి గిర్ని ఆమెదే. మొగుడు పోయాక ఇల్లంతా దాని మీదే నడుస్తోంది.

సంచిలో బేరింగ్ హౌసింగ్, అంటే బేరింగ్‌ను పట్టుకునే పోత ఇనుము గూడు. అప్పటికే ఎక్కడో అతికించుకొచ్చింది. అతుకు బాగానే ఉంది, దాని పక్కనే కొత్తగా చీలింది.

“తమ్మీ, ఈసారి కరెంటు ఎక్కువ వెట్టు, గట్టిగ పట్టుకోవాలె. కొత్తది వచ్చేదాక గిర్ని బంద్ వెడితె గిరాకంత బస్టాండు కాడి గిర్నికి వోతది. మళ్ల రాదు.”

“అక్కా, పోయినసారి గట్టిగ వెట్టుడుకే పగిలింది,” అన్నాను.

పోత ఇనుము మహా పెళుసు. ఒక్కచోటే బాగా వేడెక్కి గబుక్కున చల్లారితే అతుకు పక్కనే ఫట్‌మంటుంది. పాత అతుకు గీకేసి, గూడు మొత్తాన్ని బొగ్గుల మీద నిదానంగా వేడి చేశాను. ఆంపియర్లు, అంటే రాడ్‌లోకి పోయే కరెంటు, బాగా తగ్గించాను. నికెల్ రాడ్‌తో అంగుళం మేర అతకడం, ఆగడం, చిన్న సుత్తితో తట్టడం. ఆ తట్టడాన్ని పీనింగ్ అంటారు. చల్లారేటప్పుడు లోహం ముడుచుకుంటూ లాగే బిగువు దాంతో సడలుతుంది.

రాజవ్వక్కకు ఓపిక అయిపోయింది. “ఏంది తమ్మీ, అతుకువెడుతున్నవా, జోకొడుతున్నవా?”

“జోకొడుతున్న. ఇగ పండవెడుత,” అని, పసిపిల్లను పడుకోబెట్టినట్టు, రైస్ మిల్లు నుంచి తెచ్చిన వేడి ఊక బూడిదలో దాన్ని నిండా కప్పేశాను. “రేపు పొద్దుగాల దాక ఎవ్వలు ముట్టొద్దు.”

సాయంత్రం ఆమె గిర్ని గిరాకీవాళ్లు నలుగురు నా షాపుకే వచ్చారు. “బకెటు నీళ్లు గుమ్మరిస్తె అయిపాయె గద!” అన్నాడొకాయన. రాజవ్వక్క నా షాపు చీపురే అందుకుని అడ్డం నిలబడింది.

“జరుగుండ్రి! లేస్తది!”

నాకు నవ్వాగలేదు.

మర్నాడు బూడిద తీసి సుత్తితో తట్టాను. లోపల చీలిక ఉంటే బొంగురుగా పలుకుతుంది. ఇది కంచు చెంబులా ఖంగుమంది. రాజవ్వక్క సుత్తి లాక్కుని తానూ కొట్టి చూసుకుంది. ఆ ముఖంలో సంతోషం చూస్తే నా కడుపు నిండింది. మధ్యాహ్నానికి గిర్ని తిరిగింది, మొదటి వాయి జొన్నపిండి నాకే వచ్చింది.

ఆ గూడు మళ్లీ నా షాపు గడప తొక్కలేదు. చల్లారనివ్వడం కూడా అతకడంలో భాగమేనని గిరాకీకి చెప్పి చెప్పి అంతకుముందు గొంతు పోయేది. ఇప్పుడెవరైనా “జర కరెంటు పెంచు, జల్ది కానియ్యి” అంటే రాజవ్వక్క మాటే అంటాను.

“జర పండనియ్యుండ్రి. లేస్తది.”