ప్రాసెసర్ పాఠం ఎవరి కోసం?

ప్రాసెసర్ లోపల ఏం జరుగుతుందో కళ్లకు కట్టేలా, సాయంత్రాలన్నీ కూర్చుని ఒక వెబ్ పేజీ తయారుచేశాను. బటన్ నొక్కితే అంకెలు మెమరీలోంచి కదిలొచ్చి, కూడికై, జవాబుగా వెనక్కి వెళ్తాయి. నూజివీడులో నేను పాఠాలు చెప్పే కాలేజీలో ఈ రోజే దాన్ని చూపించాను.

క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని దుర్గ మౌస్ అందుకుంది. "అంటే ఇది ఆలోచించదాండీ? చెప్పింది చేసుకుపోద్దంతేనా?" అంది. నా కష్టం ఫలించిందనుకున్నాను.

అంతలో ప్రిన్సిపాల్ గారొచ్చారు. "అదిరిందండీ! మామిడి కోతలయ్యాక అడ్మిషన్లకొచ్చే పేరెంట్స్‌కి చూపిద్దాం. పిల్లలకెందుకండీ, సిలబస్ వెనకబడిపోద్ది" అంటూ ప్రొజెక్టర్ ఆయనే ఆపేశారు.

దుర్గ మౌస్ వదిలేసి గైడు తెరిచింది.

పిల్లల కోసం చేసినదాన్ని పిల్లలకు తప్ప అందరికీ చూపించాలట. మీ కాలేజీల్లోనూ ఇంతేనా?