రత్నవ్వ ఎడమ చెవి

ఆర్మూర్ మార్కెట్లో పసుపు కొమ్ములు ఏరే పనికి పోయే రత్నవ్వకు లూపస్ ఉందని తెలిసి చాలా ఏళ్లయింది. ఒంటిని కాయాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు అది. కీళ్లు పట్టేసేవి, ఎండకు బుగ్గలు కందిపోయేవి. మాత్రలు వేసుకొని పనికి పోయేది.

ఒకరోజు నిద్ర లేచేసరికి ఎడమ చెవి వినబడలేదు. నొప్పి లేదు, లోపల ఒకటే హోరు. మంచం దిగబోతే ఇల్లు గిర్రున తిరిగింది. ఎడమ పక్కన నిలబడ్డ భర్త ఏసయ్య పెదవులు కదులుతున్నాయంతే.

ఆయన కుడి పక్కకు వచ్చి, "గులిమి పట్టిందేమో, జర నూనె పోస్త ఉండు" అన్నాడు.

"వద్దు. ఒంట్ల ఏం కొత్తగ మొదలైనా ఆగొద్దని కీళ్ల డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడే నిజామాబాద్ దవాఖానకు పోదాం."

అక్కడ చెవి డాక్టర్ సుస్మిత పరీక్షలు చేసి, ఒక బొమ్మ చూపించింది. "లోపల నత్తగుల్ల లాంటిది ఉంటుందమ్మా, బఠాణీ గింజంత. దాంట్లో కంటికి కనబడని వెంట్రుకలు వేలల్లో ఉంటాయి. ప్రతి చప్పుడుకూ ఊగుతాయి. మీ జబ్బు అక్కడిదాకా పోయినట్టుంది. వెంటనే వచ్చారు, మంచిదైంది. స్టెరాయిడ్ మొదలుపెడదాం. వినికిడి తిరిగొస్తుందని మాత్రం మాటివ్వలేను."

రత్నవ్వ ఆ బొమ్మ మీంచి చూపు తిప్పలేదు.

"గింత దాంట్లనా అమ్మా? మా అవ్వ పిలుపు, ఉరుము, చర్చి పాట... అన్ని గింత దాంట్లకెళ్లే వచ్చినయా?"

స్టెరాయిడ్ మాత్రలకు మొహం ఉబ్బింది, నిద్ర కరువైంది. చెవిలోకి సూదులు కూడా వేశారు. కొన్నాళ్లకు చప్పుళ్లు వంకరటింకరగా రావడం మొదలైంది. కుక్కర్ కూత రేకును గీరినట్టుండేది.

ఒక మధ్యాహ్నం ఆమె కుడి చెవి గట్టిగా మూసుకొని, ఏసయ్యను ఎడమ పక్క కూర్చోబెట్టుకుంది.

"ఏదన్న మాట్లాడు."

షేర్ ఆటో నడిపే ఏసయ్య ఇంట్లో పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆటో అడ్డా మీద జనాన్ని పిలుస్తూ రోజూ వేసే కేకనే మెల్లగా ఆమె చెవి దగ్గర అన్నాడు. "నందిపేట్... నందిపేట్..."

నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టుంది. అయినా అది ఏసయ్య గొంతే.

"మల్ల అను" అంది రత్నవ్వ, కళ్ల నీళ్లు తుడుచుకోకుండానే.

చెవి పూర్తిగా బాగుపడలేదు. సన్నని చప్పుళ్లు ఆ పక్క ఇప్పటికీ అందవు. తోటి ఆడవాళ్లు ఆమెకు కుడి వైపు కూర్చొని ముచ్చట్లు పెడతారు. ఇంటి దగ్గర ఉన్నప్పుడు వాన పడితే మాత్రం రత్నవ్వ పని ఆపి గడపలో కూర్చుంటుంది.

"రేకుల మీద పడే చినుకు వేరు, మట్టి మీద పడేది వేరు. గిన్నేండ్లు నేను ఇననే లేదు సూడు" అంటుంది.