మొదటి వరుసలో సార్ పేరు

మాకు ప్రోగ్రామింగ్ నేర్పిన సార్ మొన్న పొద్దున పోయారు. ఇంద్రేశంలో ఆయన కిరాయికి ఉన్న గది మా ఇంటి పక్కనే. పాలతను ఎంత పిలిచినా పలకకపోతే మేమే తలుపు తోసుకుని వెళ్లాం. నిద్రలోనే ప్రాణం పోయింది. భార్యాబిడ్డలు లేని మనిషి. అంత మంచివాడికి అంత ఒంటరి చావేమిటో, దేవుడి మీద నా కోపం ఇంకా చల్లారలేదు.

పటాన్‌చెరులో ఒక మేడ మీద సాయంత్రాలు పాఠం చెప్పేవారు. ఫ్యాక్టరీల్లో డ్యూటీ దిగి వచ్చేవాళ్లమే అందరం. అందరి ఫోన్లకూ పంపే మెసేజీలో, పేరు రావలసిన చోట ఫ్లవర్ బ్రాకెట్లు పెడితే, ప్రోగ్రాం నడిచినప్పుడు ఒక్కొక్కరి పేరూ అందులోకి వచ్చి కూర్చుంటుందని ఆయనే చూపించారు. వాక్యం ఒకటే, పిలుపు ఎవరిది వారికి.

ఆయనదో పట్టుదల. "ముందుగాల నా పేరు మీద పంపి సూడుండ్రి. నాకు మంచిగనిపిస్తెనే మందికి పంపాలె" అనేవారు. అందుకే మా అందరి నంబర్లున్న జాబితాలో మొదటి వరుస ఆయనదే. క్లాసుకు ఎగ్గొట్టేవాళ్ల కోసం మాలో ఒకడు, పేరు చోట బ్రాకెట్లు పెట్టి, 'గారూ, రేపు రాకుంటే మీ పేరు కొట్టేస్తాం' అని రాశాడు. ఫోన్ చూసుకుని సార్ పడీపడీ నవ్వారు. "ఏందిరా, నన్నే ఎల్లగొడ్తున్నవా?"

ఇంకోసారి నాతో మెల్లగా అన్నారు. "ఇంట్ల పేరు పెట్టి పిలిచేటోళ్లెవ్వరు లేరమ్మా. మీ ప్రోగ్రాములే పిలుస్తయి."

మొన్న ఆయన అక్క కర్దనూర్ నుంచి ఒక్కతే వచ్చింది. "మోసెతందుకు నలుగురన్న ఉన్నరా బిడ్డా?" అని నా చెయ్యి పట్టుకుంది. అక్కడే లాప్‌టాప్ తెరిచి, ముందు బ్రాకెట్లు పెట్టి, 'గారూ, మన సార్ ఇక లేరు, ఇంద్రేశం రండి' అని రాసి, అందరికీ ఒక్కసారే పంపేశాను.

వెంటనే గదిలో ఫోన్ మోగింది. ఎవరో జవాబిచ్చారని ప్రాణం లేచివచ్చింది. నా ఫోన్ కాదు. కొక్కేనికి వేలాడుతున్న సార్ చొక్కా జేబులోది.

"ఎవరు బిడ్డా?" అంది ఆయన అక్క.

"మేమే, పెద్దమ్మా" అన్నాను. ఏడుపు ఆగలేదు.

మధ్యాహ్నానికి ఫ్యాక్టరీ యూనిఫాంలతోనే వచ్చారు అందరూ. భుజాలకు కొరత రాలేదు. ఒకరు దించకముందే ఇంకొకరు అందుకున్నారు.

చీకటి పడుతుండగా గదికి తాళం వేయడానికి వెళ్లాను. చదవని మెసేజీ ఉందంటూ పలచటి జేబులో చిన్న లైటు వెలిగి ఆరుతోంది, వెలిగి ఆరుతోంది.