అల్లం గోదాము కుడి గోడ

మొన్న మా జహీరాబాద్‌లో కొత్తగా దవాఖాన పెట్టిన ఎముకల డాక్టరు నా మోకాలి ఎక్స్‌రేను వెలుతురుకు పట్టుకుని చూసి, "ఏం పని చేసెటోళ్ళమ్మా మీరు, మోకాళ్ళు గిట్ల అరగదీసుకున్నరు?" అని అడిగాడు. స్క్వాష్ ఆడేదాన్ని నాయనా, అదే నా ఉద్యోగం, ఆడి సంపాదించుకునే బతికాను అని చెప్పాను. పాపం మర్యాదస్థుడు, నవ్వలేదు గానీ, ఆ ఆట జోలికి పోకుండా ఉంటే ఈ వయసులో మెట్లు హాయిగా ఎక్కేవారు కదా అని ఒక ముక్క అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. మెట్లు ఎక్కడానికా మోకాళ్ళను దాచిపెట్టుకునేది? దేవుడు ఇంకో జత ఇస్తే వాటినీ ఇట్లాగే అరగదీస్తానని చెప్పి, మందుల చీటీ తీసుకుని బయటికి వచ్చేశాను. ఇంటికి వచ్చి కాలు చాపుకుని కూర్చున్నాక మాత్రం మనసంతా మా పాత గోదాములోనే తిరిగింది.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, డెబ్భైలలో మా ఊరంటే అల్లం, చెరకు, బొంబాయి రోడ్డు మీద ఆగకుండా పోయే లారీలు. మాది అల్లం వ్యాపారం. పెత్తనమంతా పెద్దబాపుది, అంటే మా బాపుకు అన్న. మా బాపు కాంటా దగ్గర నిలబడి తూకం చూసేవాడే తప్ప నోరు విప్పి ఎరుగడు. చలికాలంలో వచ్చిన అల్లం ఎండలు ముదిరేలోగా అమ్ముడైపోయేది, ఆ తర్వాత వానలు మొదలైనప్పటి నుంచి మళ్ళీ పంట చేతికొచ్చే దాకా ఆ పెద్ద గోదాములో కుడి గోడ పొడుగునా పేర్చిన గోనె సంచుల కట్టలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. ఆ ఖాళీ నెలల్లోనే నా ఆట మొదలైంది.

దానికి కారణం మా మేనమామ. హైదరాబాద్‌లో గొప్పవాళ్ళ క్లబ్బులో ఆయన మార్కరు, అంటే స్క్వాష్ కోర్టును చూసుకుంటూ, జత దొరకని మెంబర్లకు జతగా ఆడే నౌకరీ. నాలుగు గోడల మధ్య ఇద్దరు నిలబడి చిన్న రబ్బరు బంతిని వంతులవారీగా ఎదుటి గోడకు కొడుతూ, అది నేలను రెండోసారి తాకేలోగా అందుకోవడమే ఆ ఆట. దారిలో పక్క గోడలకు తగిలినా చెల్లుతుంది. ఒక ఎండాకాలం మామ క్లబ్బువాళ్ళు పారేసిన రెండు బ్యాట్లకు మళ్ళీ తీగలు అల్లి తెచ్చాడు. మా అవ్వ, అంటే మా అమ్మ, గడపలకు పూయడానికి కలిపిన జాజు తీసుకుపోయి గోదాము ఎదుటి గోడకు ఎర్రగా అడ్డగీత గీసి, "గీత కింద తాకితె పోయినట్టే బిడ్డా" అన్నాడు. నేర్పింది అంతే, మిగతాదంతా నేనూ మా తమ్ముడూ కొట్టుకుంటూ, తిట్టుకుంటూ నేర్చుకున్నాం. ఆ బంతి చల్లగా ఉంటే చచ్చినా లేవదు, వేడెక్కితేనే ఎగురుతుంది. అందుకని వేడి జొన్నరొట్టెల బుట్టలో బట్ట కింద దాచిపెట్టేదాన్ని, రబ్బరు వాసన రొట్టెలకు పట్టి అవ్వ చేత వీపు విమానం మోత మోగించుకునేదాన్ని.

పెద్దబాపుకు ఇదంతా మొదటి నుంచీ కంటగింపే. ఆడివిల్ల గోడకు బంతి కొట్టుకుంట కూసుంటె ఊరోళ్ళు ఏమనుకుంటరని ఆయన, అంత ఫికర్ ఉన్నోళ్ళను చెవులల్ల దూది పెట్టుకొమ్మను అని నేను. నన్ను హైదరాబాద్‌లో ఆడపిల్లల పోటీకి తీసుకుపోతానని మామ వచ్చి బతిమాలినప్పుడు పెద్దబాపు ఒక షరతు పెట్టాడు. "గెలిస్తె ఆడుకోనీ. ఓడితె గోదాం తాళంచెవి నా మొలకే ఉంటది, మళ్ళ బ్యాటు పేరు ఎత్తొద్దు" అన్నాడు. నేను సరేనన్నాను. నాకేం తెలుసు, గోదాములో తమ్ముణ్ణి రోజూ ఓడించేదాన్ని, ఇక లోకంలో నాకు ఎదురు లేదనుకున్నాను.

అవ్వ కుట్టిన తెల్ల సల్వారు వేసుకుని జీవితంలో మొదటిసారి అసలు కోర్టులో అడుగుపెట్టిన నాకు, కుడివైపు కూడా ఒక గోడ ఉంటుందన్న సంగతే తట్టలేదు. మా గోదాములో కుడివైపుకు కొట్టిన బంతి సంచులకు తగిలి అక్కడే సచ్చినట్టు పడేది, తమ్ముడు ఎంత ఉరికినా అందేది కాదు. కాబట్టి గెలవాలనుకున్న ప్రతి బంతినీ అటే కొట్టడం నాకు అలవాటు. ఇక్కడ కొట్టిన ప్రతిసారీ అది నున్నటి గోడకు తగిలి తిరిగొచ్చి, ఎదుటి అమ్మాయికి విస్తట్లో వడ్డించినట్టు మధ్యలో నిలబడేది. ఆ అమ్మాయి కాలేజీ పిల్ల, పెద్దగా కష్టపడకుండానే నన్ను ఓడించి పంపింది. పైన గ్యాలరీలో కూర్చున్నవాళ్ళు నవ్విన నవ్వు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది.

తిరిగొచ్చేసరికి గోదాముకు తాళం పడింది. అవ్వ ఏడ్చింది, నేను ఏడవలేదు. తాళం వేసింది లోపలి గోడలకు గదా, బయటి గోడకు ఎవరు వేస్తారు? మర్నాడు పొద్దున్నే బ్యాటు తీసుకుని గోదాము బయటికి పోయి, రోడ్డు వైపు గోడకు జాజుతో గీత గీసి ఆడటం మొదలుపెట్టాను. లోపల ఆడినన్నాళ్ళు ఎవరికీ కనబడనిది ఇప్పుడు ఊరందరికీ కనబడింది. లారీలవాళ్ళు హారన్లు కొట్టేవారు, అంగడి నాడు న్యాల్‌కల్ నుంచీ రాయికోడ్ నుంచీ వచ్చిన బండ్లు వరసగా ఆగిపోయేవి, చాయ్ హోటల్ వాళ్ళు గ్లాసులు పట్టుకుని అక్కడికే వచ్చి నిలబడేవారు. నాకూ సిగ్గేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి, చెంపలు మండిపోయేవి; అయినా ఆపలేదు. ఆపితే జన్మలో మళ్ళీ బ్యాటు పట్టనివ్వరని నాకు తెలుసు.

చివరికి ఒక అంగడి నాడు పెద్దబాపు జనాన్ని తోసుకుంటూ వచ్చి తాళంచెవి నా కాళ్ళ దగ్గర విసిరేసి, "ఇజ్జత్ అంత తీసినవ్ గదనే! లోపటికి పోయి సావు" అన్నాడు. నేను తాళంచెవి ముట్టుకోలేదు. "కుడిదిక్కు సంచులు తీపియ్యి పెద్దబాపు, అప్పుడు పోత" అన్నాను. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి, చెయ్యి లేచింది, జనం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఏమనుకున్నాడో ఏమో, లేచిన చెయ్యిని అట్లాగే హమాలీల వైపు తిప్పి, తీసెయ్యండిరా అని అరిచాడు. ఆ సాయంత్రం కుడి గోడను నేను మొదటిసారి పూర్తిగా చూశాను. గోనె పీచు, బూజు, చిమ్మటలు, తరతరాల అల్లం ఘాటు. తుమ్ముకుంటూనే ఆడాను.

ఆ తర్వాతి ఏడు అదే హైదరాబాద్‌లో గెలిచాను. పూనాలో ఒక క్లబ్బు ఆడవాళ్ళకు ఆట నేర్పే ఉద్యోగం ఇస్తామంటే, సరిహద్దులో ఉన్న చిరాగ్‌పల్లి దాకా వచ్చి బస్సెక్కించింది మామ ఒక్కడే. పైసలకు ఆడుడేంది, మనం సర్కసోళ్ళమా అని పెద్దబాపు ఇంటి బయటికి కూడా రాలేదు. ఎనభైలంతా అక్కడా, బొంబాయిలోనూ ఆడాను, నేర్పాను, కొన్ని గెలిచాను, చాలా ఓడాను, మడమ విరిగితే కట్టు కట్టుకుని మళ్ళీ దిగాను. దేనికీ ఎవరినీ క్షమాపణ అడగలేదు.

దసరాకు మా ఇంట్లో కాంటాకు పూజ చేస్తారు, దానికి ముందు గోదాముకు సున్నం వేయిస్తారు. బొంబాయిలో పెద్ద పోటీ గెలిచిన ఏడు పండుగకు వచ్చి చూస్తే ఎదుటి గోడ తెల్లగా మెరుస్తోంది, ఎడమదీ అంతే, కుడి గోడ మాత్రం నా బంతి నల్ల మరకలతో అట్లాగే ఉంది. సున్నం చాలలేదా అని బాపును అడిగాను. జన్మకు ఒక్కసారి నోరు విప్పి, "మీ పెద్దబాపే ముట్టొద్దన్నడు బిడ్డా" అన్నాడు. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ గోడకు సున్నం పడలేదు, నా చెవిన మెచ్చుకోలు మాట ఒక్కటీ పడలేదు. ఆ ముక్క నోటితో అంటే ఏం పోయేది? దానికి నాకు ఇప్పటికీ కోపమే.

ఇప్పుడు తమ్ముడి మనవరాలు హైదరాబాద్‌లో అద్దాల కోర్టులో ఆడుతుంది. వాళ్ళ నాన్నే కారులో దింపి, నీళ్ళ సీసా పట్టుకుని కూర్చుంటాడు. చూస్తే కడుపు నిండుతుంది, కొంచెం అసూయ కూడా పుడుతుంది. వద్దనేవాళ్ళు లేకుండా ఆడితే ఎట్లా ఉంటుందో నాకు తెలియనే తెలియదు. మా గోదామును తమ్ముడు సెల్‌ఫోన్ల షాపుకు అద్దెకిచ్చాడు. నిన్న కుంటుకుంటూ పోయి చూశాను. కుడి గోడ పొడుగునా అల్మారాలు బిగించారు, మళ్ళీ నిండిపోయింది. తీయించమని పోట్లాడదామంటే పెద్దబాపు లేడు.