గ్రీజు పెట్టిన బ్రేకు

నాకు తొమ్మిదో నెల. ప్రసవానికి పుట్టింటికి పోకుండా గోదావరిఖనిలోనే ఉండిపోయాను, కంపెనీ దవాఖాన దగ్గర కదా అని. దగ్గరే, కానీ మా బండికి బ్రేకు పడితేగా!

మా ఆయన బొగ్గుబాయిలో ఫిట్టరు. రోజూ పొద్దున బ్రేకు నట్టు బిగించేవాడు, సాయంత్రానికి మళ్లీ అదే కథ. ఆ శనివారం చౌరస్తాలో బొగ్గు లారీ ఎదురొస్తే రెండు కాళ్లూ నేలకు ఆనించి, చెప్పులు అరిగేలా ఈడ్చి ఆపాడు. లారీ బంపరు నా మోకాలికి జానెడు దూరంలో ఉంది.

"బ్రేకు బాగు చేసేదాకా నేనీ బండి ఎక్క. నొప్పులొస్తే నడుచుకుంటనే పోత!" అని కాలనీ అంతా వినబడేలా అరిచాను.

ఆ అరుపుకే మర్నాడు పక్క క్వార్టరులో ఉండే, మేం బాబాయిలా చూసే కాక గోడ దాటి వచ్చాడు. ఆయనా ఫిట్టరే, మా ఆయనకన్నా చాలా సీనియరు. ఆదివారం, బాయికి సెలవు. ఆయనకూ మాలాంటి బండే ఉంది. బ్రేకు తొక్కి చూశాడు.

"తొక్కుడు గట్టిగనే ఉన్నది, చక్రం మాత్రం ఆగుతలేదు. నట్టుది కాదు ఇది, లోపలిది" అని చక్రం ఊడదీశాడు. లోపల చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు షూలు నూనె రాసిన తలలా మెరుస్తున్నాయి.

"గ్రీజు ఎవడు పెట్టిండ్రా?"

మా ఆయన నసిగాడు. "కీసుకీసుమంటున్నదని నేనే పెట్టిన కాకా."

కాక పడీపడీ నవ్వాడు. బాయిలో ఏ యంత్రం కీచుమన్నా ముందు గ్రీజు డబ్బా తియ్యడం వీళ్లకు అలవాటు. రుద్దుకుంటేనే పట్టే బ్రేకుకు కూడా అదే వైద్యం చేశాడు మా మహానుభావుడు!

"ఇగ నొప్పులొచ్చి నేనొర్లి మొత్తుకున్నా గ్రీజే పెడతడు కాకా" అన్నాను. నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది.

కాక పెట్రోలు గుడ్డతో, షూలు రుద్దుకునే డ్రమ్ము తుడిచాడు, గరుకు కాగితంతో రుద్దాడు. షూలు మాత్రం గ్రీజు తాగేశాయి, ఇక పనికిరావన్నాడు. దుకాణాలు బంద్. "నా దగ్గర ఒక జత ఉన్నది, ఫికర్ చెయ్యకు బిడ్డా" అని ఇంటికి పోయి, కొంతసేపటికి షూలు తెచ్చి బిగించాడు. దాచిపెట్టుకున్నవి కాబోలు అనుకున్నాం.

సోమవారం పొద్దున, కాక మొదటి షిఫ్టుకు పోయాక, నాకు నొప్పులు మొదలయ్యాయి. పళ్లు బిగబట్టి బండెక్కాను. దారిలో ఓ లారీ చెప్పాపెట్టకుండా వెనక్కి వచ్చింది. మా ఆయన బ్రేకు తొక్కాడు. బండి ఉన్నచోటే ఆగింది.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. షిఫ్టు దిగి కబురు విన్న కాక స్నానమైనా చెయ్యకుండా, ఒళ్లంతా బొగ్గుతో, చెమటలు కక్కుకుంటూ దవాఖానకు నడిచి వచ్చాడు. కొడుకా బిడ్డా అని కూడా అడగలేదు.

"బ్రేకు మంచిగ పడ్డదా?"

"పడ్డది కాకా. మరి నువ్వు నడిచొచ్చినవేంది, నీ బండేది?" అన్నాడు మా ఆయన.

"ఇంటికాడుంది. దాని షూలు మీ బండికే ఉన్నయి గదరా. కొత్తవి దొరికినంక ఏసుకుంట తియ్."

"చెప్పొద్దా కాకా!" అని కోప్పడబోయి భోరున ఏడ్చేశాను. చేతులు కడుక్కొమ్మని నర్సమ్మ అరుస్తూనే ఉంది. నేను పసిదాన్ని తీసి ఆ నల్లటి చేతుల్లోనే పెట్టాను.