రెండు మిషన్లూ ఆగిన ఆదివారం

ఆ ఆదివారం జరిగింది నాకు ఇప్పటికీ సగమే అర్థమైంది. అర్థమైన సగం ఏదో కూడా గట్టిగా చెప్పలేను. యాభై దాటాక మా చర్చి సంఘం బడిలో అక్షరాలు దిద్దుకున్నదాన్ని. కంప్యూటర్ల సంగతి నేను రాస్తే ఇంతే వస్తుంది.

మా ముసలాయన హుస్నాబాద్ దగ్గర మా ఊళ్లో పత్తి బస్తాల మీంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఎక్కొద్దని చెప్పాను, ఎక్కాడు. కరీంనగర్లో ఆసుపత్రిలో వేశాం. ఎముకల పెద్ద డాక్టరు హైదరాబాద్ నుంచి ఆదివారం మాత్రమే వస్తాడు, ఆరు దాటితే కొత్త ఆపరేషన్ పట్టుకోడు, రాత్రికే తిరిగి కారెక్కుతాడు. ఆ రోజు తప్పితే మళ్లీ వారం దాకా అదే మంచం, అదే నొప్పి. పైగా షుగరున్న మనిషి. ఆపరేషన్ కోసమని ముందురోజు రాత్రి నుంచి పొట్టలో మెతుకు వెయ్యనివ్వలేదు.

అన్నీ సిద్ధమే. మత్తు డాక్టరమ్మ మాత్రం గుండె పరీక్ష రిపోర్టు కళ్లతో చూడందే సూది వెయ్యనంది. పరీక్ష పొద్దునే అయింది. చేసినాయన ఫలితం కంప్యూటర్లో రాసి ఇంటికి వెళ్లిపోయాడు, కాగితం తియ్యలేదు. కౌంటర్లో అడిగితే సిస్టం బంద్ అన్నారు. ఎందుకు బంద్ అంటే మారుస్తున్నారు అన్నారు. ఏం మారుస్తున్నారంటే అది మార్చే మనిషికే తెలుసన్నారు.

మార్చే మనిషి ఎవరో నేనే వెతుక్కుంటూ మెట్ల కింద గదికి వెళ్లాను. చూస్తే మా సంఘంలో పాటలు పాడే పిల్లే. ఆసుపత్రి కంప్యూటర్లన్నీ ఆమె చేతిలోనే ఉంటాయని అప్పుడే తెలిసింది.

"పాడైందా బిడ్డా?" అన్నాను.

"పాడు కాలే పెద్దమ్మా, మంచిగనే ఉంది."

"మంచిగున్నదాన్ని ఎందుకు ఆపినవ్?"

"పాడైన నాడు రెండోది పనికొస్తదా లేదా అని చూస్తున్నం."

నాకు తల తిరిగింది. ఆ పిల్ల ఓపికగా చెప్పింది. రోగుల వివరాలన్నీ రాసుకునే పెద్ద మిషన్ ఇక్కడుంది, దాన్ని ప్రైమరీ అంటారట. ఇదే ఆసుపత్రి వాళ్లకు ఆదిలాబాద్‌లో ఇంకో దవాఖానా ఉంది, అక్కడ దీని జోడి మిషన్ ఉంది, అది స్టాండ్‌బై. ఇక్కడ రాసిందల్లా అది వెంటవెంటనే ఎక్కించుకుంటుంది. వరదొచ్చినా, నిప్పంటుకున్నా అది పని అందుకోవాలి. అందుకని రద్దీ లేని ఆదివారం చూసుకుని అప్పుడప్పుడూ దాన్ని పెద్దది చేసి, దీన్ని చిన్నది చేసి చూస్తారు.

నాలుగింటికే అయిపోవాల్సిన పని. ఆదిలాబాద్ మిషన్ కాస్త వెనకబడింది, అది అంతా ఎక్కించుకునేదాకా ఆగారు. తర్వాత ఈ పిల్ల ఇక్కడిదాన్ని చిన్నది చేసేసింది. ఇక ఆదిలాబాద్‌లో ఉన్నాయన అక్కడిదాన్ని పెద్దది చెయ్యాలి. చెయ్యడం లేదు. ఫోన్ చేస్తే "చేస్తున్న మేడం, జర ఆగుండ్రి" అంటున్నాడు. అదే మాట నేను కూర్చున్నాక కూడా రెండుసార్లు అన్నాడు.

అంటే రెండూ బతికే ఉన్నాయి, రెండూ చిన్నవే. ఎదుటిది చెబితే రాసుకుందామని రెండూ కూర్చున్నాయి, చెప్పేది ఏదీ లేదు. అడిగినవాళ్లకు చూపించేది పెద్దది మాత్రమేనట. మా ముసలాయన గుండె ఆ రెండింట్లోనూ ఉంది, ఒక్కదాంట్లోంచీ బయటికి రాదు.

"మళ్లీ గీడిదాన్నే పెద్దది చెయ్యరాదా?" అన్నాను.

"నేను చేసినంక ఆయన సుత చేసిండనుకో, రెండు పెద్దయి అయితయ్. గీడ ఒక తీరు, గాడ ఒక తీరు రాసుకుంటయ్. ఏది నిజమో ఎవ్వరికి తెల్వది."

ఆ పిల్ల చెమటలు తుడుచుకుంటోంది. పైనుంచి నర్సు వచ్చి పెద్ద డాక్టరు గడియారం చూసుకుంటున్నాడని చెప్పి వెళ్లింది. నాకు కోపం వచ్చింది. ఈసారి ఫోన్ కలిపితే నేనే మాట్లాడతానన్నాను. ఆమె స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది.

"బిడ్డా, నేను గీడ పేషెంటు భార్యను. నువ్వు చేస్తున్నవా, చేస్తలేవా? ఉన్నది చెప్పు."

అటువైపు ఆయన గొంతు తగ్గించాడు.

"అవ్వా, రాహుకాలం నడుస్తుంది. ఆరు దాటనియ్యి, నొక్కుత. పోయినసారి వేళ చూసుకోకుంట చేసిన, రెండు దిక్కుల రెండు తీర్ల రాసుకున్నయ్. నా నౌకరే పోతుండె. మేడంకు చెప్పకు, నవ్వుతది."

మేడం పక్కనే వింటోంది. నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. నేను చర్చికి వెళ్లేదాన్నే, కానీ మా అవ్వ ఆ వేళలో నాటు మొదలుపెట్టనిచ్చేది కాదు, నేనూ పెట్టను. ఆదివారం సాయంత్రం అదే వేళ అని నాకు తెలిసి కూడా గుర్తు రాలేదు. ఇప్పుడు గుర్తుచేశాడు. ఇతను బటన్ నొక్కితే మా ముసలాయన్ని కొయ్యడం కూడా రాహుకాలంలోనే. నొక్కకపోతే వారం. ఏది అడగాలో నాకే తోచలేదు. నోరు మాత్రం దాని దారిన అది పోయింది.

"నిన్నటి సంది మా ముసలాయన ఉపాసం ఉన్నడు. డాక్టర్ పోతుండు. నేను సుత గా వేళ చూసేదాన్నే బిడ్డా. గని నువ్విప్పుడు కొత్తగ ఏం మొదలు పెడుతలేవు. పని పగలే మొదలైంది, నడిమిట్ల ఆగింది. నడిమిట్ల పనికి రాహుకాలం ఉంటదా?"

ఉంటుందో లేదో నాకు తెలియదు. అప్పటికి నోటికొచ్చింది.

"మేడం ఉన్నదా ఆడ?" అన్నాడు.

"విన్న," అంది ఆ పిల్ల. "నీ మిషన్ అంతా ఎక్కించుకుంది, నేను రెండుసార్లు చూసిన. తప్పు పోతే నా పేరే చెప్పు."

"గట్లయితే మీ ప్రార్థన మీరు చెయ్యుండ్రి, నేను నొక్కుత."

ఆమె కళ్లు మూసుకుందో, తెర చూస్తూనే ఉందో నేను గమనించలేదు. నేను మాత్రం ఏ దేవుణ్ణి ఏమడిగానో కలగాపులగం చేశాను. కాసేపటికి తెర మీద ఏదో మారింది. ఆమె ఊపిరి వదిలి, ఆదిలాబాద్ పెద్దదైంది పెద్దమ్మా, పైకి పో అంది.

నేను మెట్లెక్కేసరికి డాక్టరమ్మ రిపోర్టు చదువుతోంది. గుండె బాగానే ఉందట. ఆ మాట కరీంనగర్ నుంచి వచ్చిందో ఆదిలాబాద్ నుంచి వచ్చిందో అడుగుదామనుకుని మానేశాను.

స్ట్రెచర్ మీద ముసలాయన నా మీద విసుక్కున్నాడు. "గింతసేపు ఎటువోయినవే?"

"రెండు మిషన్లు నువ్వు ముందటంటే నువ్వు ముందటని మర్యాదలు చేసుకున్నయ్," అన్నాను. ఆకలికి నా మెదడు పోయిందనుకుని జాలిగా చూశాడు. ఆకలి ఆయనది.

ఆపరేషన్ గది తలుపు దగ్గర గోడ గడియారం కనిపించింది. ఆరు కాలేదు. కింద అంత పెద్ద మాట చెప్పి వచ్చినదాన్ని, ఒక్క క్షణం ఆపమందామని నోటిదాకా వచ్చింది. ఇది నడిమిట్ల పనా, కొత్త పనా? ఎముక విరిగిన రోజే మొదలైందనుకోవాలా? నేను లెక్క తేల్చుకునేలోపు గడప పట్టీ దగ్గర స్ట్రెచర్ చక్రం తట్టుకుని ఆగింది. వార్డుబాయ్ ఒక్కడి వల్ల కాలేదు. అడ్డం తిరిగిన చక్రాన్ని కాలితో సరిచేసి, వెనక నుంచి నేనూ నెట్టాను.